డిప్యుటేషన్‌లో ఉన్న కార్పొరేషన్‌లోనే ఉండిపోవచ్చా? లియన్ (మాతృశాఖ పోస్టు మీద హక్కు) వదులుకుంటే ఏమవుతుంది?

కృష్ణలంక_ఏఈఈ

పంచాయతీరాజ్ ఇంజినీరింగ్‌లో ఏఈఈని (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్). 2011లో చేరాను కాబట్టి సీపీఎస్ (పాత పెన్షన్ బదులు జీతంలో కోసి జమ చేసే పథకం). నాలుగేళ్లుగా విజయవాడలో ఒక రాష్ట్ర కార్పొరేషన్‌లో ఫారిన్ సర్వీస్ (అంటే డిప్యుటేషన్) మీద పనిచేస్తున్నా. పని నచ్చింది. టెండర్ దగ్గర్నుంచి సైట్ దాకా అంతా చేతిలో ఉంటుంది, బిల్లులు కూడా త్వరగా కదులుతాయి. ఇప్పుడు రెండు వైపుల నుంచీ ఒత్తిడి. కార్పొరేషన్ వాళ్లు "ఇక్కడే అబ్జార్బ్ అయిపో, శాశ్వతంగా మా ఉద్యోగివి అవుతావు, పై హోదా ఇస్తాం" అంటున్నారు. మాతృశాఖ నుంచేమో ఐదేళ్లు నిండకముందే వెనక్కి రమ్మని లెటర్ వచ్చింది. ఈలోగా సీనియారిటీ లిస్టులో నా వెనకున్నవాళ్లకి డీఈఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్) ప్రమోషన్ వచ్చింది, నా పేరు ప్యానెల్లో లేదు. అడిగితే "మీరు డిప్యుటేషన్‌లో ఉన్నారు కదా" అన్నారు.

మా ఆవిడ ఇక్కడే టీచర్. పాప ఆరో తరగతి. వెనక్కి వెళ్తే ఏ సబ్‌డివిజన్‌లో వేస్తారో తెలియదు. లియన్ వదిలేసి ఇక్కడే ఉండిపోతే తర్వాత ఏడవాల్సి వస్తుందా? ఇలా వెళ్లినవాళ్లు, వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

బెజవాడ_బాబాయ్

ఉండిపో. పిల్ల చదువు ముఖ్యం.

పాతఫైలు

బాబాయ్ గారూ, ఒక్క మాటలో తేల్చేసే విషయం కాదిది. నేను అకౌంట్స్ వైపు పనిచేసి రిటైరయ్యాను, ఇలాంటి ఫైళ్లు చాలా చూశాను.

తమ్ముడూ, ముందు ప్రమోషన్ సంగతి. డిప్యుటేషన్‌లో ఉన్నావని ప్యానెల్లో పేరు పెట్టకపోవడం తప్పు. ఫారిన్ సర్వీస్‌లో ఉన్నంతకాలం నీ లియన్ మాతృశాఖలోనే ఉంటుంది, సీనియారిటీ అక్కడే నడుస్తుంది. నీ జూనియర్‌కి ప్రమోషన్ వస్తే నీకు ప్రొఫార్మా ప్రమోషన్ (బయట పనిచేస్తున్నా మాతృశాఖ కాగితం మీద ఇచ్చే ప్రమోషన్) ఇవ్వాలి. ఎఫ్‌ఆర్ (ఫండమెంటల్ రూల్) 30 కింద నెక్స్ట్ బిలో రూల్ ఉన్నది ఇందుకే. నీ మీద చార్జ్ మెమో లేకపోతే, డిపార్ట్‌మెంటల్ టెస్టులు పాసై ఉంటే, నీ పేరు వదిలేయడానికి కారణం కనపడదు. వెంటనే అర్జీ పెట్టు. అది కూడా కార్పొరేషన్ ద్వారా, అంటే ప్రాపర్ చానల్‌లో.

రెండోది అబ్జార్ప్షన్. బోర్డు తీర్మానం చేసేస్తే పని అయిపోయినట్టు కాదు. మాతృశాఖ ఎన్‌ఓసీ కావాలి, ప్రభుత్వ ఉత్తర్వు కావాలి, ఆర్థిక శాఖ ఒప్పుకోవాలి. ఇవి లేకుండా రిలీవ్ అయితే అటూ కాక ఇటూ కాక మిగులుతావు. ఎండీ గారి నోటిమాట మీద మాత్రం నమ్మకం పెట్టుకోకు. ఆయన రేపు బదిలీ అయితే తర్వాత వచ్చేవారికి నువ్వెవరో తెలియదు.

మూడోది, ప్రాన్ (సీపీఎస్ ఖాతా) స్టేట్‌మెంట్ ఇవాళే తీసి చూడు. నీ జీతంలో కోసే పది శాతం, దానికి సమానంగా పడాల్సిన యజమాని వాటా, రెండూ ప్రతినెలా జమ అవుతున్నాయా? ఫారిన్ సర్వీస్‌లో ఉన్నప్పుడు ఆ వాటా కట్టాల్సింది నిన్ను తీసుకున్న సంస్థే. ఉద్యోగి వాటా కోసి, తమ వాటా నెలల తరబడి వేయని చోట్లు చూశాను.

డిపో_గుమాస్తా

చదువుతుంటే ఆశ్చర్యంగా ఉంది. మీరు గవర్నమెంట్ వదిలి కార్పొరేషన్‌కి వెళ్తానంటున్నారు. మేము కార్పొరేషన్ నుంచి గవర్నమెంట్‌లోకి రావడానికి ఎన్నేళ్లు పోరాడామో. 2019లో చట్టం చేసి, 2020 జనవరి 1 నుంచి ఏపీఎస్‌ఆర్టీసీ ఉద్యోగులందర్నీ ప్రజా రవాణా శాఖలోకి తీసుకున్నారు. సుమారు 52 వేల మంది. ఆ రోజు డిపోలో స్వీట్లు పంచుకున్నాం. జీతం ఒకటో తారీఖున పడుతుందా లేదా అన్న భయం పోయింది. రిటైర్మెంట్ వయసు 58 నుంచి 60 అయింది, తర్వాత 62.

భీమవరం_భాస్కర్

పోగొట్టుకున్నవి కూడా చెప్పు అన్నా. ఎస్‌బీటీ, ఎస్‌ఆర్‌బీఎస్ లాంటి సొంత సంక్షేమ పథకాలు మూతపడ్డాయి. పాత వైద్య సదుపాయం పోయి ఈహెచ్‌ఎస్ (ప్రభుత్వోద్యోగుల హెల్త్ స్కీం) వచ్చింది. పాతది మళ్లీ ఇవ్వమని యూనియన్లు అప్పట్నుంచీ అడుగుతున్నాయి. పెన్షన్ పాతది రాలేదు.

డిపో_గుమాస్తా

నిజమే భాస్కర్. అన్నీ రాలేదు. అయినా నన్ను మళ్లీ ఆప్షన్ అడిగితే ఇటే ఉంటాను. సంస్థకి నష్టం వచ్చిందని నా డీఏ ఆగదు. నాకు అది చాలు.

సికింద్రాబాద్_సూరి

మా వైపు తెలంగాణ ఆర్టీసీలో 2019 అక్టోబరు 5న మొదలైన సమ్మె 52 రోజులు నడిచింది. మొదటి డిమాండే విలీనం. చివరికి 2023 ఆగస్టులో అసెంబ్లీలో బిల్లు పాసైంది, సెప్టెంబరులో గవర్నర్ ఆమోదం కూడా వచ్చింది. 43 వేలకు పైగా ఉద్యోగులు. చట్టం వచ్చాక కూడా అమలు తేదీ కోసం ఎదురుచూడాల్సి రావడమే బాధ. బస్సు వచ్చింది, స్టాపులో ఆగింది, డోరు తియ్యలేదు.

లైన్‌మన్_గారబ్బాయి

కరెంటోళ్ల సంగతి చెప్తా, ఇది ఇంకో రకం. 1999 ఫిబ్రవరి 1న ఏపీఎస్‌ఈబీని (రాష్ట్ర విద్యుత్ బోర్డు) జెన్‌కో, ట్రాన్స్‌కోగా విడగొట్టారు. 2000 ఏప్రిల్‌లో నాలుగు డిస్కంలు (కరెంటు పంపిణీ సంస్థలు) వచ్చాయి. బోర్డు ఉద్యోగులు ఊరికే ఒప్పుకోలేదు. ప్రభుత్వం, బోర్డు, సంఘాలు కలిసి త్రైపాక్షిక ఒప్పందం రాసుకున్నాయి. పాత సర్వీసు షరతులు, పెన్షన్, జీపీఎఫ్ ఏవీ తగ్గకూడదని కాగితం మీద రాయించుకున్నారు. ఆ ఒప్పందం వల్లే మా నాన్నకి ఇవాళ్టికీ పెన్షన్ వస్తోంది.

కానీ 1999 ఫిబ్రవరి 1 తర్వాత చేరినవాళ్లకి ఈపీఎఫ్. 2004 ఆగస్టు 31 దాకా ప్రభుత్వంలో చేరినవాళ్లకి పాత పెన్షన్, అదే కాలంలో కరెంటు సంస్థల్లో చేరినవాళ్లకి లేదు. ఒకే నెలలో పరీక్ష రాసి ఒకరు ఇరిగేషన్‌కి, ఒకరు ట్రాన్స్‌కోకి వెళ్తే రిటైరయ్యాక ఇద్దరి బతుకులు వేరు. మమ్మల్ని ఈపీఎఫ్ నుంచి జీపీఎఫ్‌కి, అంటే పాత పెన్షన్‌లోకి మార్చమని ఆ బ్యాచ్‌ల వాళ్లు ఏళ్లుగా అడుగుతూనే ఉన్నారు. కృష్ణలంక అన్నా, నువ్వు ఒక్కడివే వెళ్తున్నావు. నీ తరఫున ఒప్పందం రాయించే సంఘం లేదు. అది ఆలోచించు.

లాజిక్_లక్ష్మణ్

అందరూ పెన్షన్ పెన్షన్ అంటున్నారు. ఆయన సీపీఎస్ కదా? పాత పెన్షన్ ఎలాగూ రాదు. ప్రాన్ నంబర్ ఎక్కడికెళ్లినా వెంట వస్తుంది. అలాంటప్పుడు లియన్ పట్టుకుని వేలాడటం దేనికి?

పాతఫైలు

లక్ష్మణ్, పేరుకి తగ్గ ప్రశ్నే. కానీ పెన్షన్ ఒక్కటే కాదు. 2022 జనవరిలో ప్రభుత్వోద్యోగుల రిటైర్మెంట్ వయసు 62కి పెంచినప్పుడు కార్పొరేషన్లకి అది తనంతట తాను వర్తించలేదు. 60కే ఇంటికి పంపారని కోర్టుకెక్కినవాళ్లున్నారు. సీపీఎస్ బదులు ఏ కొత్త పథకం వచ్చినా ముందు వచ్చేది ప్రభుత్వోద్యోగికే. 2023లో రాష్ట్రం జీపీఎస్ (గ్యారంటీడ్ పెన్షన్) చట్టం చేసింది, 2025 ఏప్రిల్ నుంచి కేంద్రం యూపీఎస్ (యూనిఫైడ్ పెన్షన్) తెచ్చింది. వీటి మీద ఎవరి అభిప్రాయం వాళ్లది, కానీ ఆప్షన్ ఇచ్చే హక్కు ఎవరికి ఉంటుందన్నదే లెక్క. సర్వీసులో ఉండగా జరగరానిది జరిగితే కుటుంబానికి పెన్షన్ ఎవరిస్తారు, పాపకో ఆవిడకో కారుణ్య నియామకం ఉంటుందా? ఈ రెండూ కార్పొరేషన్ సర్వీస్ రూల్స్ పుస్తకం తెరిచి చూడాలి.

లాజిక్_లక్ష్మణ్

వయసు సంగతి తెలియదు. ఒప్పుకుంటున్నా.

టెలికాం_వారి_అమ్మాయి

మా ఇంట్లో జరిగింది రాస్తాను. నాన్నగారు టెలికాం శాఖలో ఉండేవారు. 2000 అక్టోబరు 1న బీఎస్‌ఎన్‌ఎల్ పుట్టినప్పుడు మొత్తం శాఖని అలాగే అటు పంపేశారు. మొదట డీమ్డ్ డిప్యుటేషన్ (అడగకుండానే డిప్యుటేషన్‌లో ఉన్నట్టు లెక్క), తర్వాత ఆప్షన్. ఇంట్లో నెలల తరబడి అదే చర్చ. అప్పట్లో సంఘాలు గట్టిగా నిలబడ్డాయి కాబట్టి పెన్షన్ రూల్స్‌లో 37-ఎ చేర్చారు. ప్రభుత్వ సర్వీసు, కంపెనీ సర్వీసు కలిపి లెక్కేసి, పెన్షన్ ప్రభుత్వమే ఇస్తుంది. నాన్నగారు ఆ ధైర్యంతోనే సంతకం పెట్టారు. 2020 జనవరి 31న వీఆర్‌ఎస్‌లో 78 వేల మందికి పైగా బయటికొచ్చినప్పుడు ఆయనా వచ్చేశారు. ఆ రోజు కంపెనీ పరిస్థితి చూస్తే, ఆ రూల్ లేకపోతే మా ఇల్లు ఎలా నడిచేదో ఊహించలేను.

గమనించాల్సింది ఇంకోటుంది. ఐటీఎస్ (ఇండియన్ టెలికాం సర్వీస్) గ్రూప్-ఎ అధికారుల్లో చాలామంది ఆప్షన్ ఇవ్వకుండా ఏళ్ల తరబడి డీమ్డ్ డిప్యుటేషన్ మీదే ఉండిపోయారు. పై వాళ్లు లియన్ దగ్గరే ఉంచుకున్నారు, కింది వాళ్లు వదిలేశారు.

ఉక్కునగరం

జీతాల సంగతి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తా. కేంద్ర పీఎస్‌యూల్లో (ప్రభుత్వ రంగ సంస్థల్లో) ఐడీఏ స్కేళ్లు, అంటే పరిశ్రమల డీఏ పద్ధతి. డీఏ మూడు నెలలకోసారి మారుతుంది, గవర్నమెంట్‌లో ఆర్నెల్లకోసారి. లాభాల్లో ఉంటే పీఆర్‌పీ (పనితీరు బోనస్), పెర్క్స్, క్వార్టరు, అంతా బాగుంటుంది. కానీ 2017 పే రివిజన్‌ని లాభాలతో ముడిపెట్టారు. భరించే శక్తి లేని సంస్థలో రివిజన్ లేదు. బీఎస్‌ఎన్‌ఎల్‌లో అదే జరిగింది. గవర్నమెంట్‌లో ఏ పే కమిషనూ శాఖ లాభం చూసి జీతం పెంచదు. రాష్ట్ర కార్పొరేషన్లలో చాలావాటికి సొంత ఆదాయమే లేదు, ప్రభుత్వం అప్పు తెచ్చి పెట్టే డబ్బే ఆధారం. కృష్ణలంక బ్రదర్, మీ కార్పొరేషన్ గత మూడేళ్ల బ్యాలెన్స్ షీట్ చూశారా?

కృష్ణలంక_ఏఈఈ

చూడలేదు. ఇవాళ అకౌంట్స్‌లో అడిగా. ఆడిట్ పూర్తవలేదట, రెండేళ్లవి పెండింగ్.

ఉక్కునగరం

సమాధానం వచ్చేసినట్టే.

ఢిల్లీ_తెలుగు_సెక్షన్

కేంద్రంలో రూలు ఇంకా గట్టిగా ఉంటుంది. 1980ల మధ్య నుంచి ఇమ్మీడియట్ అబ్జార్ప్షన్ విధానం. ప్రభుత్వాధికారి పీఎస్‌యూలో బోర్డు స్థాయి పోస్టుకి ఎంపికైతే లియన్ తెంచుకుని వెళ్లాలి. ఒక కాలు ఇక్కడ, ఒక కాలు అక్కడ కుదరదు. ఉద్దేశం మంచిదే. సంస్థ మునిగినా తేలినా అక్కడే ఉండేవాడు కావాలి. మినహాయింపులు కొన్ని ఉన్నాయి, విజిలెన్స్ అధికారి సీవీఓ లాంటివి. సీవీఓని బయటి నుంచే డిప్యుటేషన్ మీద తెస్తారు. తర్వాత అదే సంస్థలో కలిసిపోవడానికి ఒప్పుకోరు. నిఘా పెట్టినవాడు రేపు అదే సంస్థ జీతం మీద ఆధారపడితే నిఘా ఏముంటుంది?

ఇంకోటి. శాఖని కంపెనీగా మార్చినప్పుడు అటు వెళ్లినవాళ్ల విషయంలో 2025 మేలో పెన్షన్ రూల్స్ సవరించారు. కంపెనీలో తర్వాతెప్పుడో తప్పు చేసి డిస్మిస్ అయితే, అంతకుముందు చేసిన ప్రభుత్వ సర్వీసు తాలూకు ప్రయోజనాలు కూడా పోతాయి. కంపెనీ నిర్ణయాన్ని సంబంధిత మంత్రిత్వ శాఖ సమీక్షించాలన్న రక్షణ ఒకటుంది. పాతికేళ్లు ప్రభుత్వంలో చేసినవాడికి ఇది చిన్న విషయం కాదు.

టెలికాం_వారి_అమ్మాయి

ఈ సవరణ సంగతి నాన్నగారి వాట్సాప్ గ్రూపులో వచ్చినప్పుడు ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆయనకి వర్తించదు, అయినా.

మందమర్రి_మల్లన్న

అసలు పెద్దసార్ల సంగతి మాట్లాడరేంది? ఏఈఈ పోతే లియన్, ఎన్‌ఓసీ, ప్రాన్. ఐఏఎస్ పోతే ఏమీ లేదు. ఇయ్యాల మున్సిపల్ శాఖ, రేపు కార్పొరేషన్ ఎండీ, ఎల్లుండి ఇంకో శాఖ. సంస్థ ఏందో అర్థమయ్యేలోపు ట్రాన్స్‌ఫర్. నష్టం వస్తే అడిగేటోడు లేడు.

ఢిల్లీ_తెలుగు_సెక్షన్

మల్లన్నా, వాళ్లకీ రూల్ ఉంది. కేడర్ రూల్స్ కింద ప్రభుత్వ కంపెనీలకి డిప్యుటేషన్ మీద పంపుతారు, లియన్ కేడర్‌లోనే. తేడా ఏంటంటే వాళ్లకి కేడర్ గట్టిది. ఎక్కడున్నా బ్యాచ్‌తోపాటు ప్రమోషన్ వచ్చేస్తుంది, ఎవరూ అర్జీ పెట్టక్కర్లేదు.

గోదావరిఖని_జీఎం_ఆఫీస్

అందరూ ఏడాదికే పోతారనడం కూడా సరికాదు మల్లన్న. సింగరేణిలో ఎన్.శ్రీధర్ గారు 2015 నుంచి 2023 చివరిదాకా సీఎండీగా ఉన్నారు. టీఎస్‌ఆర్టీసీలో సజ్జనార్ గారు ఐపీఎస్ అయ్యుండి 2021 నుంచి నాలుగేళ్లు ఎండీ. ఎక్కువ కాలం ఉంటే పని తెలుస్తుంది.

మందమర్రి_మల్లన్న

ఉన్న ఇద్దరి పేర్లు నువ్వు చెప్పినవ్. ఉండనోళ్ల పేర్లు చెప్పాలంటే ఈ థ్రెడ్ సరిపోదు. ఇంకో మాట. సింగరేణిల ముప్పై ఏండ్లు బాయిల పనిచేసిన మైనింగ్ ఇంజినీరు డైరెక్టరు దాక పోతడు. బొగ్గు గురించి విధానం రాసే సెక్రటేరియట్‌ల ఆయనకి కుర్చీ ఉన్నదా? అటు నుంచి ఇటు వస్తరు, ఇటు నుంచి అటు ఎందుకు పోనియ్యరు?

రిటైర్డ్_బీహెచ్‌ఈఎల్

మల్లన్న అడిగిందే నా మనసులో చాలా ఏళ్లుగా ఉన్న మాట. ఒకప్పుడు పోనిచ్చారు. వి.కృష్ణమూర్తి గారు మద్రాసు విద్యుత్ బోర్డులో పనిచేసి, బీహెచ్‌ఈఎల్ ఛైర్మన్ అయి, 1977లో ఢిల్లీలో భారీ పరిశ్రమల కార్యదర్శి అయ్యారు. ఆ తర్వాత 1981లో మారుతి, 1985లో సెయిల్. డి.వి.కపూర్ గారు ఎన్‌టీపీసీని మొదటి ఛైర్మన్‌గా నిలబెట్టి తర్వాత విద్యుత్ కార్యదర్శి అయ్యారు. బొకారో స్టీల్ నడిపిన మంతోష్ సోంధీ గారు ఉక్కు కార్యదర్శి అయ్యారు. అంటే సంస్థ నడిపినవాడే ఆ రంగానికి విధానం రాశాడు. 1950ల చివర్లో ఇండస్ట్రియల్ మేనేజ్‌మెంట్ పూల్ పెట్టింది ప్రభుత్వ సంస్థలు నడపడానికి ప్రత్యేకంగా మనుషుల్ని తయారుచేసుకుందామనే. అది కొనసాగలేదు. కొనసాగి ఉంటే ఇవాళ ఈ ఏఈఈ గారు అటా ఇటా అని తల పట్టుకోవాల్సిన పని ఉండేది కాదు. అటూ ఇటూ తిరిగే దారే ఒక కేడర్‌గా ఉండేది.

1974లో పీఈఎస్‌బీ (పబ్లిక్ ఎంటర్‌ప్రైజెస్ సెలక్షన్ బోర్డు) పెట్టి ఛైర్మన్ల ఎంపికకి ఒక పద్ధతి తెచ్చారు. కేంద్రంలో అది ఉంది కాబట్టి కొంత నయం. రాష్ట్ర కార్పొరేషన్ ఎండీ పోస్టు మాత్రం బదిలీల జీఓలో ఒక లైను.

లాజిక్_లక్ష్మణ్

సార్, అప్పుడు పీఎస్‌యూలు కొత్తవి, మనుషులు తక్కువ. ఇప్పుడు అలా కుదురుతుందా? 2024 ఆగస్టులో 45 పోస్టులకి లేటరల్ ఎంట్రీ (బయటివాళ్లని నేరుగా పై పోస్టుల్లోకి తీసుకోవడం) ప్రకటన ఇచ్చారు, పీఎస్‌యూ వాళ్లూ అర్హులే. రిజర్వేషన్ లేదని గొడవై మూడు రోజుల్లో వెనక్కి తీసుకున్నారు.

రిటైర్డ్_బీహెచ్‌ఈఎల్

రిజర్వేషన్ పెట్టి మళ్లీ ఇవ్వొచ్చు కదా బాబూ. వెనక్కి తీసుకోవడమే మార్గమా? పీఎస్‌యూల్లో దళిత, గిరిజన, బీసీ ఇంజినీర్లు జీఎంల దాకా ఎదిగినవాళ్లు ఎంతమందో ఉన్నారు. వాళ్లకి తెరవాల్సిన తలుపది.

ఈ2_నుంచి_గ్రూప్1

నాది రివర్స్ కేసు. గేట్ రాసి ఒక కేంద్ర పీఎస్‌యూలో ఈ2 గ్రేడు అధికారిగా చేరా, తర్వాత గ్రూప్-1 కొట్టి రాష్ట్ర సర్వీసుకి వచ్చా. జీతం సగానికి దగ్గర పడిపోయింది. పే ప్రొటెక్షన్ అడిగితే లేదన్నారు. కేంద్రంలో 1989 నాటి ఉత్తర్వు ఉంది, పీఎస్‌యూ నుంచి వచ్చినవాళ్లకి జీతం కాపాడతారు. కానీ అది ఇంటర్వ్యూ ద్వారా ఎంపికైనవాళ్లకి. పోటీ పరీక్ష రాసి వచ్చినవాళ్లకి కాదు. పీఎస్‌యూలో చేసిన ఏళ్లు ఇక్కడ సర్వీసుగా కలవవు. మొదటి నుంచీ మొదలుపెట్టా. పని తృప్తినిస్తోంది, కానీ ఈఎంఐ మాత్రం పాత జీతం చూసి పెట్టుకున్నది.

బెజవాడ_బాబాయ్

పార్టీ ఇస్తానన్నావు గ్రూప్-1 వచ్చినప్పుడు, ఇప్పుడర్థమైంది ఎందుకు ఇవ్వలేదో.

ఈ2_నుంచి_గ్రూప్1

కొత్త పీఆర్సీ వచ్చాక ఇస్తా బాబాయ్, బిర్యానీయే.

ట్యాంక్‌బండ్_తారక

విభజన సంగతి మర్చిపోవద్దు. 2014లో ప్రభుత్వోద్యోగుల పంపకానికి కమలనాథన్ కమిటీ ఉంది. గొడవలున్నా ఒక పద్ధతి ప్రకారం తేలింది. విభజన చట్టం తొమ్మిదో షెడ్యూల్‌లోని 91 సంస్థల సంగతి షీలా భిడే కమిటీ చూసింది. ఆస్తుల పంచాయితీ ఏళ్ల తరబడి నడిచింది, మధ్యలో నలిగింది ఉద్యోగులు. కరెంటు సంస్థల్లో 2015లో ఒక్కసారిగా రిలీవ్ చేసిన పదకొండు వందల మందికి పైగా సుప్రీంకోర్టు దాకా తిరిగారు. కార్పొరేషన్ ఉద్యోగి అంటే ఆ సంస్థ ఉంటేనే ఉద్యోగం. శాఖ ఉద్యోగికి ఆ శాఖ మూసేసినా ప్రభుత్వం బాధ్యత ఉంటుంది.

స్రవంతి_ఏలూరు

నాది మాత్రం వేరే అనుభవం. అబ్జార్బ్ అయి తొమ్మిదేళ్లు. సంతోషంగా ఉన్నా. నాకు మాతృశాఖలో ప్రమోషన్ రావాలంటే ముందు వరసలో చాలామంది ఉన్నారు, ఇక్కడ రెండు మెట్లు ఎక్కా. సొంతూరికి దగ్గర. అందరూ భయపెట్టినంత లేదు. కాకపోతే నేను చేసిన ఒక పని చెప్తా. అబ్జార్ప్షన్ ఉత్తర్వులోనే పాత సర్వీసు గ్రాట్యుటీకి కలుస్తుందని, ఈఎల్స్ (సంపాదిత సెలవులు) నిల్వ బదిలీ అవుతుందని, పే ఫిక్సేషన్ ఎలా చేస్తారని, సీనియారిటీ ఏ తేదీ నుంచని నాలుగూ రాయించా. డ్రాఫ్ట్ మూడుసార్లు వెనక్కి పంపా. మా పర్సనల్ మేనేజర్ విసుక్కున్నారు, విసుక్కోనిచ్చా.

పాతఫైలు

స్రవంతి గారు చెప్పింది బంగారం లాంటి మాట. సీనియారిటీ తేదీ అతి ముఖ్యం. లేకపోతే నిన్న చేరిన డైరెక్ట్ రిక్రూట్ కింద నీ పేరు రాస్తారు. అక్కడి పాత ఉద్యోగులూ ఊరుకోరు. వాళ్ల ప్రమోషన్ పోస్టులోకి బయటివాడు వచ్చాడని రిట్ వేస్తారు. వాళ్ల కోణంలో అదీ న్యాయమే.

లైన్‌మన్_గారబ్బాయి

పాతఫైలు గారు చెప్పింది నిజం. మా దగ్గర బయటి నుంచి వచ్చిన ఒకాయన మీద ఇప్పటికీ కేసు నడుస్తోంది. ఆయన మంచి ఇంజినీర్, ఎవరికీ ఆయన మీద కోపం లేదు. పోస్టు మీదే పేచీ.

కృష్ణలంక_ఏఈఈ

అందరి సలహాలూ ప్రింట్ తీసి ఇంట్లో చదివి వినిపించా. ప్రాన్ చూశాను. పాతఫైలు గారు అన్నట్టే ఉంది, యజమాని వాటా కొన్ని నెలలు అసలు పడలేదు. కార్పొరేషన్‌లో లెటర్ ఇచ్చా, బకాయి వడ్డీతో జమ చేయమని. ప్రొఫార్మా ప్రమోషన్ కోసం ఈఎన్‌సీ (ఇంజినీర్-ఇన్-చీఫ్) గారికి అర్జీ ప్రాపర్ చానల్‌లో పంపా, జూనియర్ల ప్రమోషన్ ఉత్తర్వు కాపీ జత చేసి. అది తేలేదాకా అబ్జార్ప్షన్ కాగితం మీద సంతకం పెట్టను. కార్పొరేషన్‌ని ఐదో ఏడాదికి ఎక్స్‌టెన్షన్ ప్రతిపాదన పంపమని అడిగా. వస్తే ఏడాది సమయం దొరుకుతుంది, రాకపోతే వెనక్కి వెళ్లి డీఈఈగా చేరతా. స్పౌజ్ కేటగిరీలో దగ్గర్లో పోస్టింగ్ అడగొచ్చని మా ఆవిడే చెప్పింది.

పాతఫైలు

అర్జీకి డైరీ నంబర్ తీసుకున్నావా?

కృష్ణలంక_ఏఈఈ

తీసుకున్నా సార్. ఫొటో కూడా తీసి పెట్టుకున్నా.

పాతఫైలు

రెండు నెలల్లో జవాబు రాకపోతే రిమైండర్ వెయ్యి. దానికీ డైరీ నంబర్.

అనంతపురం_ఏఓ

నాది ఇంకో కేసు. కార్పొరేషన్ ఉద్యోగిని, ప్రభుత్వ శాఖకి డిప్యుటేషన్ మీద వచ్చా, అంటే ఎదురు దారి. ఎల్‌పీసీ (చివరి జీతం సర్టిఫికెట్) ఇంకా రాలేదు, జీతం ఆగిపోయింది. ఇక్కడే అడగనా, వేరే థ్రెడ్ పెట్టనా?

బెజవాడ_బాబాయ్

వేరేది పెట్టమ్మా. పాతఫైలు గారు అక్కడికీ వస్తారు.